షట్టర్ రిమోట్, బ్లూటూత్ తాళం, బోరు మోటరు: ముందు ఏది సరిచేసుకోవాలి?

ప్రశ్న:

మాది మిర్యాలగూడ. కింద ఎరువులు, విత్తనాల దుకాణం, మీద ఇల్లు. దుకాణానికి మోటరు షట్టర్ పెట్టించిన, రిమోట్‌తోటి లేస్తది. పైన ఇంటికి సంక్రాంతికి బ్లూటూత్ తాళం బిగించినం. దుకాణంల బిల్లు ప్రింటరు బ్లూటూత్‌దే, కంప్యూటర్‌కు వైరు లేని కీబోర్డు. పెద్దవూర దిక్కు బత్తాయి తోట ఉంది, ఆడ బోరు మోటరు గూడ రిమోట్‌దే. బీటెక్ చదివే మావాడు ఏందో వీడియో చూసి ‘నాయనా, రోడ్డు మీద బండి ఆపుకొని ఎవడైనా మన షట్టర్ లేపొచ్చు’ అంటున్నడు. పది మీటర్లు దాటితే సిగ్నలే అందదు, ఎట్ల లేపుతడని నేనన్న. బస్సుల పోతుంటే ఫోన్ల ‘కొత్త హెడ్‌ఫోన్లు కలపాలా’ అని వస్తది, అదొక భయం. కార్డు జేబుల ఉండంగనే పైసలు గుంజుతరట, ఫాస్టాగ్ మీదికెల్లి గూడ గుంజుతరట. ఇవన్నీ నిజమేనా? నిజమైతే ముందు ఏది సరిచేసుకోవాలె?

సమాధానం:

షట్టర్ వరకు మీ అబ్బాయి మాటే నిజం. అయితే మీరు రాసినవన్నీ ఒకే గాటన కట్టకండి. ముందు షట్టర్, ఆ వెంటనే తోటలో బోరు స్టార్టర్, తర్వాత పైఇంటి తాళం. కీబోర్డు, ఫోను వాటి తర్వాత. కార్డు, ఫాస్టాగ్ గురించి మీరు విన్నదాంట్లో పస లేదు.

పది మీటర్ల మాట ముందు తేల్చుకుందాం, మిగతా అయోమయమంతా అక్కడి నుంచే వస్తోంది. పెట్టె మీద రాసే ఆ దూరం మీ ఫోన్‌లో, తాళంలో ఉండే చిన్న యాంటెనాలతో వేసిన లెక్క. అవతలివాడు ఒకే దిక్కుకు గురిపెట్టే పెద్ద యాంటెనాతో వస్తే ఆ లెక్క చెల్లదు. మామూలు బ్లూటూత్ ఫోన్‌ను ఒకటిన్నర కిలోమీటరుకు పైగా దూరం నుంచి అందుకోవచ్చని 2004లోనే అమెరికాలో చేసి చూపించారు. మీ దుకాణానికి అంత దూరం కూడా అక్కర్లేదు, రోడ్డవతల ఆగిన కారు చాలు. షట్టర్ రిమోట్లయితే బ్లూటూత్ కానే కావు, మధ్యలో అడ్డు లేకపోతే ఎలాగూ యాభై, వంద మీటర్లు పోతాయి. కాబట్టి దూరం మనకు కాపలా కాదు. రెండు పరికరాలు ఒకదాన్నొకటి ఎలా గుర్తుపడతాయన్నదే అసలు కాపలా. ఆ గుర్తుపట్టే పద్ధతి అన్నిటికన్నా బలహీనంగా ఉన్నది మీ షట్టర్‌లోనే.

రిమోట్ సిగ్నల్‌ను అందుకుని మోటరు తిప్పే బోర్డును రిసీవర్ అంటారు. మార్కెట్లో దొరికే చవక షట్టర్ రిసీవర్లలో చాలావరకు 433.92 మెగాహెర్ట్జ్ మీద పనిచేసేవే. లోపం ఆ ఫ్రీక్వెన్సీలో లేదు, రిమోట్ పంపే కోడ్‌లో ఉంది. కొన్న రోజున బటన్ నొక్కితే ఏ కోడ్ పంపిందో ఈ రోజూ అదే పంపుతుంది. గుడి మైకులో రహస్యం చెప్పినట్టే ఇది: ఒక్కసారి విన్నవాడు ఎప్పుడైనా ఆ మాట తిరిగి పలకొచ్చు. పొద్దున మీరు షట్టర్ లేపేటప్పుడు ఎవరైనా ఆ సిగ్నల్‌ను రికార్డు చేసుకుంటే, రాత్రి రెండింటికి దాన్ని అలాగే మళ్లీ వదిలితే సరిపోతుంది. కోడ్ ఛేదించే తెలివి కూడా వాడికి అక్కర్లేదు.

మీ రిమోట్ ఈ రకమా కాదా అన్నది ఇంట్లోనే చూసుకోవచ్చు. వెనక స్క్రూ విప్పి, 12 వోల్టుల చిన్న బ్యాటరీ తీసి పక్కన పెట్టి, లోపలి నల్లటి చిప్ మీద అక్షరాలను ఫోన్ కెమెరాతో జూమ్ చేసి చదవండి. ఈవీ1527 లేదా హెచ్‌ఎస్1527 అని ఉంటే మారని కోడ్. పీటీ2262 లేదా ఎస్‌సీ2262 అని, 18 కాళ్లతో పెద్ద చిప్ ఉంటే అది ఇంకా పాత రకం, ఇంకా బలహీనం. హెచ్‌సీఎస్300 లేదా హెచ్‌సీఎస్301 అని ఉంటే నొక్కిన ప్రతిసారీ కోడ్ మారే రోలింగ్ రకం. 1527 చిప్పులో కోడ్ 20 బిట్లు, అంటే 10,48,576 రకాలు. అమ్మేవాళ్లు ఈ సంఖ్య చూపించి ‘పది లక్షల కోడ్లు సార్, ఎవరూ పట్టుకోలేరు’ అంటారు. ఊహించి కనిపెట్టేవాడికైతే అది పెద్ద సంఖ్యే, రికార్డు చేసేవాడికి కోటి ఉన్నా ఒకటే. 2262లో అయితే ఆ పాటి కష్టం కూడా లేదు. ఎనిమిది చోట్ల సోల్డర్ చుక్కలతో కోడ్ పెడతారు, ఒక్కో చోట మూడు స్థితులు, మొత్తం 6,561. వరసగా అన్నీ పంపుకుంటూ పోయినా గంట పట్టదు.

చిప్ మీద అక్షరాలు గీకేసి ఉంటే ఇంకో పరీక్ష ఉంది. తాళంచెవులు చేసే దుకాణాల్లో, ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో మామూలు కాపీ రిమోట్లు దొరుకుతాయి. మీ రిమోట్‌ను దాని పక్కన పెట్టి రెండు బటన్లూ కలిపి నొక్కితే కోడ్ నేర్చుకుంటుంది. అది మీ షట్టర్‌ను లేపితే, మళ్లీ మళ్లీ లేపితే, మీది మారని కోడే. ఈ పరీక్ష మీ చేతుల మీదుగానే చేయండి, కాపీ రిమోట్‌ను అక్కడే వదిలి రాకండి.

మారని కోడ్ అని తేలితే ఈ రాత్రికే చేయగలిగిన పని ఒకటుంది. అన్నిటికన్నా గట్టిదీ అదే. షట్టర్ మోటరుకు, దాని రిసీవర్‌కు వెళ్లే కరెంటును పైన ఇంట్లో నుంచి ఆపేలా ఒక డబుల్ పోల్ ఎంసీబీ (రెండు వైర్లనూ తెంపే ట్రిప్ స్విచ్) పెట్టించండి. మోటరు రేకు మీద రాసి ఉన్న ఆంపియర్లు చూసి దానికి తగిన రేటింగ్ ఎలక్ట్రీషియన్ వేస్తాడు. ఫేజూ, న్యూట్రలూ రెండూ తెగాలని మాత్రం చెప్పండి. రాత్రి దుకాణం కట్టేసి పైకి వచ్చాక దాన్ని దించేస్తే ఎవరు ఏ కోడ్ పంపినా వినే రిసీవర్ ఉండదు, తిరిగే మోటరు ఉండదు. మీ ఇల్లు సరిగ్గా దుకాణం మీదే ఉంది కాబట్టి ఇంత సులువైంది. కరెంటు లేనప్పుడు షట్టర్ లేపే చేతి గొలుసు, హ్యాండిల్ మాత్రం లోపలివైపే ఉండాలి. బయటి నుంచి అందితే ఎంసీబీ పెట్టి లాభం లేదు.

నేల దగ్గరి సైడ్ తాళాలు మానకండి. అయితే అవి వేసి ఉండగా ఎవరైనా రిమోట్ నొక్కితే మోటరు పైకి లాగుతుంది, తాళాలు కదలనివ్వవు, పలకలు వంగిపోతాయి. మోటరు వేడెక్కి లోపలి కటాఫ్ పడేదాకా లాగుతూనే ఉంటుంది. దొంగతనం జరగకపోయినా పలకలు మార్చే ఖర్చు మీద పడుతుంది. రాత్రిపూట ఎంసీబీ దించితే ఆ బాధా ఉండదు.

తర్వాత వీలు చూసుకుని రిసీవర్ బోర్డు, రిమోట్లు రోలింగ్ కోడ్‌వి వేయించండి. మోటరు మార్చక్కర్లేదు. పాత రిసీవర్ తీసి, పైకి, కిందికి, కామన్ వైర్లను కొత్త బోర్డు రిలేలకు కలుపుతారు. పైకి, కిందికి రిలేలు రెండూ ఒకేసారి పడకుండా బోర్డులో ఇంటర్‌లాక్ ఉందా అని అడగండి. లేకపోతే మోటరు వైండింగ్ పోతుంది. హెచ్‌సీఎస్301 లాంటి చిప్పు ప్రతి నొక్కుకూ 66 బిట్లు పంపుతుంది, అందులో 32 బిట్లు ఎన్‌క్రిప్ట్ అయి, అంటే ఇతరులకు అర్థం కాని రహస్య రూపంలోకి మారి, ప్రతిసారీ మారేవి. రిసీవర్ మామూలుగా ముందున్న 16 కోడ్ల వరకు ఒప్పుకుంటుంది. పిల్లలు ఆడుకుంటూ దూరంగా ఎక్కడో ఇరవై సార్లు నొక్కారనుకోండి, ఇంటికొచ్చి మొదటిసారి నొక్కితే పనిచేయదు, వెంటవెంటనే రెండోసారి నొక్కితే సర్దుకుంటుంది. రిమోట్ పాడైందని కంగారుపడి కొత్తది కొనకండి.

రోలింగ్ కోడ్‌కూ ఒక కన్నం ఉంది, దాచడం ఎందుకు. మీ సిగ్నల్ రిసీవర్‌కు చేరకుండా జామ్ చేస్తూ, అదే సమయంలో దాన్ని రికార్డు చేసుకుని తర్వాత వాడే పద్ధతిని 2015లో సామీ కామ్‌కర్ అనే పరిశోధకుడు చేసి చూపించాడు. దీనికి దొంగ మీ షట్టర్ దగ్గర పరికరంతో కాచుకుని ఉండాలి, లేదా దాన్ని అక్కడ దాచి ఉంచాలి. ఆ పరికరం అక్కడ లేనప్పుడు మీరు మరోసారి నొక్కి షట్టర్ కదిలిందంటే వాడు దాచుకున్న కోడ్ చెల్లకుండా పోతుంది. మొదటి నొక్కు తరచూ పనిచేయకపోతే ముందు బ్యాటరీ మార్చి చూడండి, ఎక్కువసార్లు కారణం అదే.

రిమోట్ ఒకటి పోయినా, గుమస్తా మానేసి పోతూ తీసుకెళ్లినా చేయాల్సింది ఒకటే. రిసీవర్ బోర్డు మీద లెర్న్ బటన్ ఉంటుంది. చాలా బోర్డుల్లో దాన్ని ఎనిమిది, పది సెకన్లు నొక్కిపట్టుకుంటే లైటు ఆరి, నేర్చుకున్న రిమోట్లన్నీ చెరిగిపోతాయి. మీ దగ్గరున్నవి మళ్లీ ఒక్కొక్కటే నేర్పించండి. ఆ బోర్డు డబ్బా షట్టర్ బయట గోడకు ఉంటే లోపలికి మార్పించండి. బయట ఉన్న లెర్న్ బటన్‌తో ఎవడైనా నిచ్చెన వేసుకుని తన రిమోట్ నేర్పించుకోవచ్చు.

ఇక తోట. బోర్లకు పెట్టే చవక రిమోట్ స్టార్టర్లలోనూ అవే 2262, 1527 చిప్పులు కనిపిస్తాయి. ఇక్కడ దొంగకన్నా పక్క తోట రైతు రిమోటే పెద్ద ప్రమాదం. ఆయనా అదే దుకాణంలో కొని, సోల్డర్ చుక్కలు మార్చకుండా వాడుతుంటే ఆయన బటన్‌కు మీ మోటరు ఆడుతుంది. కరెంటు వచ్చిందని ఆయన నొక్కుతాడు. అప్పుడు మీరో, మీ జీతగాడో మీ స్టార్టర్ డబ్బా మూత తీసి, మోటరు ఆగే ఉంది కదా అని కాంటాక్టర్ (మోటరుకు కరెంటు కలిపే స్విచ్) దగ్గర వైరు బిగిస్తుంటారు. ఒక్కసారిగా కాంటాక్టర్ పడుతుంది, మోటరు వైపు వైర్లన్నిటిలోకీ మూడు ఫేజులూ వస్తాయి. షట్టర్ పోతే సరుకుతో పోతుంది, ఇక్కడ ప్రాణం మీదికి వస్తుంది. రిమోట్‌తో ఆపిన మోటరును ఆపినట్టు లెక్కేయకండి. డబ్బా మూత ముట్టే ముందు మెయిన్ స్విచ్ దించి, మూడు ఫ్యూజులూ ఊడదీసి జేబులో వేసుకుని, టెస్టరుతో మూడు ఫేజులూ చూశాకే చెయ్యి పెట్టండి. తోటలో పనిచేసే ప్రతి ఒక్కరికీ ఇది నోటితో చెప్పండి. ‘రిమోట్ నా జేబులోనే ఉంది’ అన్న ధీమాతోనే ఇలాంటివి జరుగుతాయి.

మీది 2262 రకమైతే కోడ్ మార్చడం చిన్న పనే. రిమోట్‌లో ఆ చిప్పు కాళ్లు ఒకటి నుంచి ఎనిమిది వరకు పక్కన రెండు వరసల గళ్లు ఉంటాయి, ఒకటి ప్లస్, ఒకటి మైనస్. కొన్ని కాళ్లను ప్లస్‌కు, కొన్నిటిని మైనస్‌కు సోల్డర్‌తో కలిపి, కొన్నిటిని దేనికీ కలపకుండా వదలండి. రిసీవర్‌లో 2272 అనే జోడీ చిప్పు ఉంటుంది, దానికీ అచ్చంగా అలాగే కలపాలి. ఒక్క కాలు తేడా వచ్చినా పనిచేయదు. సోల్డరింగ్ కూడా ఫ్యూజులు తీశాకే. దీనివల్ల పక్క రైతు రిమోట్‌తో గొడవ పోతుంది కానీ, కావాలని రికార్డు చేసేవాడు ఆగడు.

ఎవరైనా పనిగట్టుకుని మోటరు ఆడించినా నష్టం జరగకుండా డ్రై రన్ రక్షణ ఉన్న ప్యానెల్ పెట్టించండి. సబ్‌మెర్సిబుల్ మోటరు చుట్టూ పారే నీళ్లతోనే చల్లబడుతుంది. ఎండాకాలం బోరులో నీళ్లు దిగిపోయినప్పుడు గంటల తరబడి ఖాళీగా ఆడితే వైండింగ్ కాలిపోతుంది. నిండుగా పోస్తున్నప్పుడు ఎన్ని ఆంపియర్లు తీసుకుంటుందో క్లాంప్ మీటరుతో చూసి, లోడ్ పడిపోగానే ట్రిప్ అయ్యేలా మెకానిక్‌తో సెట్ చేయించండి. రిమోట్ బదులు, ఫోన్ కాల్‌తో మోటరు ఆడించే సిమ్ స్టార్టర్ వేస్తామంటే వేయించుకోండి కానీ, అందులో రెండు విషయాలు చూడాలి. మీరు నమోదు చేసిన నంబర్ల నుంచి వచ్చే కాల్స్‌కే పలికేలా పెట్టాలి. కంపెనీ ఇచ్చే 1234 లాంటి పాస్‌వర్డ్ మార్చాలి. లేదంటే ఆ సిమ్ నంబరు తెలిసిన ఎవరైనా ఎక్కడి నుంచైనా మీ మోటరు ఆడిస్తారు.

పైఇంటి బ్లూటూత్ తాళం దగ్గర నా మొదటి అనుమానం గాల్లో పోయే సిగ్నల్ మీద కాదు, బిగించిన మనిషి ఫోన్ మీద. పని తొందరగా అయిపోవాలని కొందరు తమ ఫోన్‌లోని యాప్‌తోనే తాళాన్ని రిజిస్టర్ చేసి, మిమ్మల్ని రెండో సభ్యుడిగా చేర్చి వెళ్లిపోతారు. మీకు తలుపు తెరుచుకుంటుంది కాబట్టి తేడా తెలియదు. యాప్ తెరిచి సభ్యుల జాబితా చూడండి. యజమాని లేదా అడ్మిన్ అన్న చోట మీ నంబరు కాకుండా ఇంకోటి ఉంటే అక్కడ పేరు మార్చి సరిపెట్టుకోకండి. తాళాన్ని ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. మామూలుగా లోపలివైపు బ్యాటరీ మూత కింద చిన్న రీసెట్ బటన్ ఉంటుంది, ఎన్ని సెకన్లు పట్టుకోవాలో దాని పుస్తకంలో ఉంటుంది. తలుపు తెరిచి ఉంచే ఈ పని చేయండి. రీసెట్ అయిన తాళం 123456 లాంటి కంపెనీ కోడ్‌కు తిరిగి వెళ్తుంది. మొదట దాన్ని మార్చండి, తర్వాత మీ నంబరుతో యాప్‌లో చేర్చండి, చివర వేలిముద్రలు, కార్డులు మళ్లీ ఇవ్వండి.

తాళం లోపలి భద్రత బయటికి కనిపించదు, అదే దీంతో చిక్కు. 2016లో ఇద్దరు పరిశోధకులు 16 బ్లూటూత్ తాళాలు తీసుకుని పరీక్షిస్తే 12 తెరుచుకున్నాయి. వాటిలో కొన్ని పాస్‌వర్డ్‌ను ఏ ఎన్‌క్రిప్షనూ లేకుండా గాల్లోకి వదిలేవి. అప్పటికీ ఇప్పటికీ మంచి కంపెనీలు మారాయి, పేరూ ఊరూ లేని తాళాలన్నీ మారాయని చెప్పలేం. మీరు చూడగలిగిన గుర్తు ఒకటే: యాప్‌లో ఫర్మ్‌వేర్ (తాళం లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ అనే చోటు ఉందా, ఈ ఏడాదిన్నరలో ఒక్కటైనా వచ్చిందా. అప్‌డేటే లేని తాళంలో రేపు లోపం బయటపడితే దాన్ని సరిచేసే దారి ఉండదు. అలాంటిదైతే బ్లూటూత్ అన్‌లాక్ ఆపేసి వేలిముద్ర, నంబర్ల మీద వాడుకోండి, రాత్రి లోపల గడియ పెట్టుకోండి.

‘దగ్గరికి రాగానే దానంతట అదే తెరుచుకోవడం’ అనే సౌకర్యం ఉంటే ఇప్పుడే ఆపేయండి. మీ ఇంటికి అది బొత్తిగా పనికిరాదు. ఫోన్ జేబులో పెట్టుకుని మీరు రోజంతా తలుపుకు సరిగ్గా కిందే దుకాణంలో కూర్చుంటారు. సిగ్నల్ మెట్ల గుండా పైకి అందితే మీరు గుమ్మం ముందు ఉన్నారనే తాళం అనుకుంటుంది. అందకపోయినా అందేలా చేయొచ్చు. ఒకడు కొనేవాడిలా మీ కౌంటర్ దగ్గర, ఇంకొకడు పైన తలుపు దగ్గర నిలబడి, ఇద్దరి పరికరాలూ మీ ఫోన్ సిగ్నల్‌ను అక్కడికి చేరవేస్తే తాళం మోసపోతుంది. 2022 మేలో ఎన్‌సీసీ గ్రూప్ అనే సైబర్ భద్రతా సంస్థ పరిశోధకులు ఇదే పద్ధతిలో టెస్లా మోడల్ 3 కారును తెరిచి చూపించారు. ఇందులో ఎన్‌క్రిప్షన్‌ను ఎవరూ ఛేదించరు, కాబట్టి ఎంత గట్టి ఎన్‌క్రిప్షన్ ఉన్నా దీన్ని ఆపలేదు. యాప్ తెరిచి బటన్ నొక్కితేనే తెరుచుకునేలా పెట్టుకుంటే ఈ దారి మూసుకుపోతుంది.

తాళంతో పాటు వైఫై గేట్‌వే (తాళాన్ని ఇంటర్నెట్‌కు కలిపే డబ్బా) ఒకటి ప్లగ్గుకు పెట్టి ఉంటే అది ఇక తక్కువ దూరపు తాళం కాదు. మీ యాప్ పాస్‌వర్డ్ తెలిసినవాడు దుబాయ్‌లో ఉన్నా తెరవగలడు. ఊళ్ల నుంచి తలుపు తెరవాల్సిన అవసరం మీకు లేకపోతే గేట్‌వే పీకేయండి. మామూలు తాళంచెవి ఒకటి ఇంటి బయట, నమ్మకమైన బంధువు దగ్గర ఉంచండి. బ్యాటరీ అయిపోయిన రోజు తాళం కన్నా అదే పనికొస్తుంది.

కంప్యూటర్ కీబోర్డు మార్చడం మీ జాబితాలో అన్నిటికన్నా చవకైన పని. యూఎస్‌బీ డాంగిల్‌తో (కంప్యూటర్‌కు గుచ్చే చిన్న ముక్క) వచ్చే చవక 2.4 గిగాహెర్ట్జ్ కీబోర్డుల్లో కొన్ని మీరు కొట్టే ప్రతి అక్షరాన్నీ ఎన్‌క్రిప్షన్ లేకుండా పంపుతాయి. 2016లో బాస్టిల్ అనే సంస్థ ఎనిమిది కంపెనీల కీబోర్డుల్లో ఈ లోపం చూపించింది, 250 అడుగుల దూరం నుంచి అక్షరాలు చదవొచ్చని తేల్చింది. బ్యాంకు పాస్‌వర్డ్, జీఎస్టీ లాగిన్ కొట్టే కంప్యూటర్ మీది. వైరు కీబోర్డు, వైరు మౌస్ తెచ్చి డాంగిల్ పీకేయండి. డాంగిల్ అలాగే వదిలి వైరుది కలిపితే లాభం లేదు. బయటివాడు పంపే నకిలీ అక్షరాలను అందుకునేది ఆ డాంగిలే.

బిల్లు ప్రింటరుకు 0000 లేదా 1234 పిన్ ఉంటుంది. ఎవరైనా కలుపుకోగలరు, కానీ కాగితం వృథా చేయడం తప్ప పెద్దగా చేసేదేం లేదు. చాలా ప్రింటర్లు ఒక్కసారి ఒక్క ఫోన్‌కే కలుస్తాయి కాబట్టి ఇంకెవరైనా కలిసి ఉంటే మీ బిల్లు రాదు. యూఎస్‌బీ వైరు ఉంటే దానితోనే కలపండి.

బస్సులో ఫోన్‌కు వచ్చే ‘కొత్త హెడ్‌ఫోన్లు’ పిలుపు చాలాసార్లు పక్క సీటు మనిషి తన ఇయర్‌బడ్స్ డబ్బా మూత తీసినందుకే వస్తుంది. కావాలని అలాంటి పిలుపులు గుంపుగా పంపి విసిగించే పరికరాలూ వచ్చాయి. ఏదైనా సరే, మీరు కలపనంతవరకు ఏమీ కాదు. మీది కానిదాన్ని కలపకండి. గూగుల్ సెట్టింగుల్లో దగ్గరి పరికరాల కోసం వెతకడం ఆపేస్తే పిలుపులే రావు.

ఫోన్‌లో అసలు చూడాల్సింది వేరే ఉంది. సెట్టింగుల్లో ‘ఫోన్ గురించి’ కిందకి వెళ్లి సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ చదవండి. బ్లూటూత్ ఆన్‌లో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్‌కు, మిమ్మల్ని అడగకుండానే ఒక నకిలీ కీబోర్డు కలిసిపోయి అక్షరాలు కొట్టగలిగే లోపం 2023 డిసెంబరులో బయటపడింది. ఆండ్రాయిడ్ 11 నుంచి 14 వరకు అదే నెల అప్‌డేట్‌లో సరిచేశారు. ఆండ్రాయిడ్ 10, అంతకన్నా పాత ఫోన్లకు ఆ మరమ్మతు రాలేదు. దుకాణం కౌంటర్‌లో పాత ఫోన్ ఒకటి యూపీఐ కోసమే పెట్టుకునే అలవాటు మన దగ్గర చాలామందికి ఉంది. మీ దగ్గరా అలాంటిది ఉంటే, తేదీ 2023 డిసెంబరుకు ముందే ఆగిపోయి ఉంటే, దాంట్లోంచి యూపీఐ, బ్యాంకు యాప్‌లు తీసేయండి. అది వీలు కాదంటే బ్లూటూత్ ఎప్పుడూ ఆఫ్‌లోనే ఉంచండి.

కార్డు సంగతి. ట్యాప్ కార్డు 13.56 మెగాహెర్ట్జ్ మీద నాలుగైదు సెంటీమీటర్ల దగ్గర పనిచేస్తుంది. పిన్ లేకుండా ఒక్కసారికి 5,000 రూపాయల వరకే, ఆ పరిమితి 2021 జనవరి 1 నుంచి ఉంది. ప్రతి చెల్లింపుకూ కార్డు కొత్త కోడ్ తయారుచేస్తుంది, ముందు రికార్డు చేసిన దాన్ని మళ్లీ వాడితే చెల్లదు. మీ షట్టర్ రిమోట్‌లో లేనిది సరిగ్గా ఇదే. పైగా డబ్బు ఎవరి మిషన్ ద్వారా పోయిందో బ్యాంకు దగ్గర రాసి ఉంటుంది. కార్డు పోగొట్టుకున్నప్పుడు మాత్రం దొరికినవాడు ట్యాప్ చేసి వాడేయగలడు. అందుకే బ్యాంకు యాప్‌లో కార్డు సెట్టింగులకు వెళ్లి, ట్యాప్ వాడకపోతే ఆపేయండి, వాడితే పరిమితి వెయ్యికో రెండు వేలకో తగ్గించండి. రేకు కవర్లు కొనాల్సిన పని లేదు.

కారు అద్దం తుడుస్తూ గడియారంతో ఫాస్టాగ్ స్కాన్ చేసి డబ్బు లాగేసినట్టు 2022లో తిరిగిన వీడియో కల్పితం. అది నిజం కాదని ఫాస్టాగ్, యూపీఐ నడిపే సంస్థ ఎన్‌పీసీఐ అప్పుడే చెప్పింది. ఫాస్టాగ్‌లో ఒక మనిషి నుంచి ఇంకో మనిషికి డబ్బు వెళ్లే దారే లేదు. కొర్లపహాడ్ టోల్ ప్లాజా లాంటి చోట్ల నమోదైన వ్యాపారి ఖాతాకే, బ్యాంకు ఒప్పుకున్న సర్వర్ నుంచి అడిగితేనే వెళ్తుంది.

మీ అబ్బాయి పరీక్ష పెడతానంటే మీ రిమోట్ మీద, మీ తాళం మీద మీ ఎదుటే చేయనివ్వండి, నేర్చుకుంటాడు. పక్క దుకాణం షట్టర్ మీద సరదాకు చేసినా ఐటీ చట్టం 66వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, ఐదు లక్షల వరకు జరిమానా పడొచ్చు. జామర్ అయితే సొంత ఇంట్లో వాడినా నేరమే.

డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, సైబర్‌క్రైమ్.గవ్.ఇన్‌లో ఫిర్యాదు పెట్టండి. తాళమో షట్టరో ఎవరైనా తెరిచినట్టు అనుమానం వస్తే స్టేషన్‌కు వెళ్లే ముందు తాళం యాప్‌లో ఎప్పుడెప్పుడు తెరుచుకుందో చూపే రికార్డును తేదీ, సమయంతో సహా స్క్రీన్‌షాట్లు తీసుకోండి. రీసెట్ ఆ తర్వాతే చేయండి, రీసెట్‌తో ఆ రికార్డు చెరిగిపోవచ్చు.